పదకొండు మొవ్వులు

ఆ ఏడు మట్టల ఆదివారానికి ఊళ్లో ఈత మట్ట దొరకలేదు. దొరకకపోవడానికి కారణం లేకపోలేదు. గెడ్డవాగు గట్టు పొడుగునా తాతల నాటి నుంచి గుబురుగా పెరుగుతూ వచ్చిన ఈత చెట్లను, రోడ్డు వెడల్పు చేసేవాళ్లు మాఘమాసంలో యంత్రం పెట్టి వేళ్లతో సహా పెళ్లగించి పోయారు. ఏటా ఆ చెట్ల మట్టలే బాప్టిస్టు సంఘం పిల్లల చేతుల్లో ఊరేగేవి. ముళ్లు గీరుకున్నా సరే, మట్టలు కోసి తేవడం కుర్రకారుకు శనివారపు సంబరం. ఈసారి గట్టు బోడిగా ఉంది.

"మరి రేపు పిల్లలు ఏటి పట్టుకొని హోసన్నా అంటారు? సెల్‌ఫోన్లా?" అని పాస్టరు కృపానిధిగారు చర్చి అరుగు మీద నిలబడి అడిగితే, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

శాంతికుమార్ ముందుకు వచ్చాడు. "నాను సూసుకుంటాను అయ్యగారూ. నాకొగ్గీండి."

శాంతికుమార్ దేవమణి అల్లుడు. ఈ ఉద్దానం ప్రాంతపు మనిషి కాడు. గరివిడిలో పుట్టి పెరిగినవాడు. తొమ్మిదేళ్లపాటు కరెంటు తీగల కింద పెరిగిన కొమ్మలు నరికే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. కిందటి వానాకాలంతో ఆ కాంట్రాక్టు ముగిసింది. దేవమణికి కొడుకులు లేరు, భర్త పోయి పన్నెండేళ్లయింది. అందుచేత ఆమె కూతురు రూబీ, భర్తను వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చేసింది. ఇల్లరికపుటల్లుడికి మర్యాదకు లోటుండదు, పనికే లోటు. అత్తగారు అన్నం ముందుగా అతనికే పెట్టేది. తోటలో పని మాత్రం ఏదీ చెప్పేది కాదు. చెప్పినా అతనికి రాదు. చెట్టెక్కడం రాదు. ఒకసారి కొబ్బరికాయ పీచు డొక్క వలవబోయి అరచేయి చీల్చుకుంటే, ఆ కబురు నెలరోజులు ఊరంతా తిరిగింది. ఏడు నెలల్లో ఊరు అతని ముందు పెట్టిన మొదటి అవసరం ఈ మట్టలు. కాబట్టి వెనకాముందూ చూసుకోలేదు.

దేవమణి తోటలో పదకొండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. ఆరేళ్ల వయసువి, నిచ్చెన వేసుకుంటే తల అందుతుంది. ఆ రోజు దేవమణి ఇంట్లో లేదు. అరసవల్లిలో చెల్లెలికి కంటి ఆపరేషను జరిగితే చూసి రావడానికి వెళ్లింది. రూబీ జీడిపప్పు షెడ్డుకు పనికి పోయింది, చీకటి పడ్డాక గాని రాదు. అడిగేవాళ్లూ లేరు, అడ్డుకునేవాళ్లూ లేరు.

విప్పారిన పచ్చ మట్టలు కోసి ఊరుకున్నా సరిపోయేది. కాని శాంతికుమార్ ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎక్కడివాళ్లో గాని, లేత బంగారు రంగు ఆకులతో జడలల్లినట్టు సిలువలు అల్లుతున్నారు. ఆ రంగు విప్పారిన ఆకులో ఉండదు. చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోకుండా, మడతలు మడతలుగా బల్లెంలా నిలబడి ఉండే మొవ్వులో ఉంటుంది. మొదటి చెట్టు మొవ్వు కోసి చూశాడు. పైన లేతపచ్చ, కిందకు పోయేకొద్దీ పసుపు, అడుగున పాలతెలుపు. ఎంత లోపలికి కోస్తే అంత తెలుపని అర్థమయింది. రెండో చెట్టు దగ్గర నుంచి కత్తిని మట్టల సందులోకి, చెట్టు గొంతు దాకా దించాడు.

అతని మనసులో ఇసుమంతైనా జంకు లేదు. ఎందుకుంటుంది? తొమ్మిదేళ్లలో ఎన్ని వేపలు, ఎన్ని గానుగలు, ఎన్ని తురాయిలు నరికాడో లెక్క లేదు. నరికిన ప్రతి చెట్టూ మరుసటి ఏటికల్లా రెట్టింపు కొమ్మలతో మళ్లీ తీగలకు తగిలింది. "కొట్టిన కొమ్మ కోపం మీద పెరుగుతాది" అనేవాడు మేస్త్రీ. ఆ లెక్కన అత్తగారి చెట్లకు మేలే చేస్తున్నాననుకున్నాడు. సాయంత్రానికి పదకొండు మొవ్వులూ చర్చికి చేరాయి.

మర్నాడు చర్చి వాకిట్లో నిలబెట్టిన ఆర్చి చూసి జనం అలాగే నిలబడిపోయారు. ఆకులు చీల్చి అల్లిన సిలువలు ప్రతి చేతిలోనూ ఉన్నాయి. అడుగు మొదళ్లను కట్టకట్టి ఆర్చికి కాళ్లుగా నిలిపాడు. "ఇన్నేళ్లలో ఇంత తెల్లటి మట్టల ఆదివారం నేను చూడలేదు" అని పాస్టరుగారు మైకులో అన్నారు. శాంతికుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

ఊరేగింపు బయలుదేరేసరికి దేవమణి మొదటి బస్సు దిగి నేరుగా చర్చికి వచ్చింది. ఎవరో పాప పరుగెత్తుకొచ్చి ఆమె చేతిలో ఒక ఆకు పెట్టింది. దేవమణి ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏ సెట్టుదే ఇది?"

"నీ తోటదే మామ్మా. శాంతి మావ కోసినాడు. అన్నీ కోసినాడు!"

ముందు వరసలో పాడుతున్న శాంతికుమార్ వెనక్కి తిరిగి చూశాడు. అత్తగారు ఊరేగింపును విడిచి, చేతిలో సంచీతో, తోట దారి పట్టి వెళ్లిపోతోంది. పాట మధ్యలోనే వరస విడిచి అతనూ ఆ దారి పట్టాడు.

అతను తోటకు చేరేటప్పటికి అక్కడ సూరయ్య ఉన్నాడు. సూరయ్య దింపు పనివాడు. నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల కొబ్బరి కాయలు దింపేది అతనే. చెట్ల నెత్తుల వంక చూస్తూ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! సెట్టుకి గొంతు కోసీసినావేట్రా?"

"మల్లీ వస్తాది కదా సిన్నాన్నా. ఇంకా గుబురుగా వస్తాది."

"ఎక్కడి నుంచి వస్తాదిరా? నీ నెత్తి మీంచా? కొబ్బరికి ఒక్కటే పేణం. అది మొవ్వులో ఉంతాది. మేకక్కూడా తెలుసు."

దేవమణి ఒక్కొక్క చెట్టు దగ్గరకూ వెళ్లి బోదె మీద చెయ్యి వేసి నిలబడి, తరువాతి చెట్టుకు నడిచింది. పదకొండూ అయ్యాక ఇంట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. అన్నం వండి, ముందుగా అల్లుడికే పెట్టింది.

ఆ ఇంట్లో అత్త అల్లుణ్ణి పరుషంగా ఒక మాట అనడం ఆనవాయితీ కాదు. చెప్పవలసినది ఉంటే కూతురితో చెబుతుంది, కూతురు మొగుడితో చెబుతుంది. ఆ రోజు దేవమణి కూతురితోనూ చెప్పలేదు. సాయంత్రం తోట చూసి వచ్చిన రూబీయే అన్నీ చెప్పింది.

"తిత్లీ తుఫానొచ్చినపుడు నువ్వు గరివిడిలో ఉన్నావు. నీకేటి తెలుసు? తెల్లారి తలుపు తీస్తే నూటనలభై సెట్లు తోటలో పడుకొని ఉన్నాయి. ముందు అమ్మ ఏడవనేదు. తరవాత ఏడిసింది. ఎప్పుడో తెలుసా? సీపురు అరిగిపోయినప్పుడు."

శాంతికుమార్ అర్థం కానట్టు చూశాడు.

"అవునయ్యా, సీపురు. మా ఇంట్లో ఎవులూ ఎప్పుడూ సీపురు కొన్నేదు. తాడు కొన్నేదు. పొయ్యిలోకి పుల్ల కొన్నేదు. నూనె కొన్నేదు. పాకకి కప్పు కొన్నేదు. అన్నీ ఆ సెట్టే ఇచ్చీది. సెట్టు పోనాక సంతకెల్లి సీపురు కొనుక్కొచ్చి, దాన్ని సూసి ఏడిసింది. నీడ పోయి, కింద ఏసిన కందా, మిరియాల తీగా, అనాసా మాడిపోనాయి. పనస ఒక్కటీ నిలబడ్డాది. ఈ పదకొండూ అప్పుడేసినవే. మూడు ఎండాకాలాలు బిందెల్తో మోసింది. పొద్దున్న జీడి షెడ్డు, సాయంత్రం బిందె. ఈ ఏడే మూటికి తొలి గెల పడ్డాది." రూబీ గొంతు దిగిపోయింది. "అమ్మ నిన్నేటీ అనదు. అనకపోతే నీకు బాగుంతాదా?"

అతనికి బాగోలేదు. తిట్టి ఉంటే అన్నం సహించేది. ఈ పదకొండు చెట్లూ చచ్చిపోతే, ఆ ఇంట్లో తాను రోజూ ముందుగా భోంచేస్తూ బతకవలసి వస్తుందనీ, అది తనవల్ల కాదనీ అతనికి ఆ రాత్రే తెలిసిపోయింది. గరివిడికి తిరిగి పోవడమొక్కటే మిగులుతుంది. రూబీ తల్లిని విడిచి వస్తుందన్న నమ్మకం లేదు.

"సోంపేటెల్లు" అంది రూబీ చివరకు. "కమలాదేవి మేడమ్ గారుంటారు. ఇంటర్‌లో మాకు బోటనీ సెప్పినారు. ఆవిడకి తెలియకపోతే ఇంకెవులికీ తెలీదు."

కమలాదేవిది బజారులో కొబ్బరినూనె, పీచుతాళ్లు అమ్మే వర్తకుల కుటుంబం. కొట్టు తమ్ముడు రంగనాథం చూసుకుంటాడు. ఆమె కొట్టు వెనకింట్లో ఉంటుంది. ఉద్యోగం విరమించి పద్నాలుగేళ్లయినా, ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా వినే అలవాటు ఆమెకు పోలేదు. శాంతికుమార్ చెప్పడం ముగించాక ఆమె లేచి, గుమ్మం పక్కనున్న వేపచెట్టు నుంచి ఒక రెబ్బ తుంచి తెచ్చింది.

"తొమ్మిదేళ్లు కొమ్మలు కొట్టానంటున్నావు. నరికాక చిగురు ఎక్కడి నుంచి వచ్చేది?"

"నరికిన కాడి నుంచేనండి."

"దగ్గరగా చూశావా?"

"నరకడం వరకే నా పనండి. సూడ్డానికి కూలి ఇచ్చీవోరు కాదు."

ఆమె నవ్వి, వేప ఆకు కొమ్మకు అతుక్కున్న చోట గోటితో చూపించింది. "ఇదిగో, ఈ ఆకు చంకలో చిన్న బొడిపె. ఇది కన్ను. ప్రతి ఆకుకూ ఒకటి. కొమ్మ చివర మొగ్గ బతికున్నంతకాలం ఇవన్నీ నోరెత్తవు. అత్తగారు వంటింట్లో ఉన్నంతసేపు కోడళ్లు గరిటె పట్టుకోనట్టు. నువ్వు చివర నరికేసరికి వీటికి పెత్తనం వచ్చింది. అన్నీ ఒక్కసారి లేచాయి. దాన్నే మీ మేస్త్రీ కోపం అన్నాడు."

"కొబ్బరికి ఈ కన్నులుండవేటండి?"

"మంచి ప్రశ్న. ఉంటాయి. కాని కొబ్బరి ఆకు చంకలోని కన్ను పూత వేస్తుంది, గెల అవుతుంది. కొమ్మ మాత్రం కాలేదు. చెట్టును పైకి పెంచే కన్ను ఒక్కటే. నడినెత్తిన, మట్టల పొత్తిళ్లలో. దానికి తోబుట్టువులు లేరు. అది పోతే దాని పని చెయ్యడానికి ఇంకొకటి లేదు."

శాంతికుమార్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "అయితే పదకొండూ సచ్చిపోనట్టేనా? ఇంకా పచ్చగానే ఉన్నాయండి."

"పచ్చగానే ఉంటాయి. కన్ను పోయిన చెట్టు కూడా నెలల తరబడి పచ్చగా ఉంటుంది. ఎందుకంటే ఆకు వంటిల్లు. ఎండను మంటగా పెట్టుకొని, గాలీ నీళ్లతో తిండి వండడం ఆకుకు తప్ప ఎవరికీ చేతకాదు. నువ్వు పొద్దున్న తిన్న చద్దన్నం కూడా ఒక ఆకు వండిందే. పాత ఆకులు ఉన్నంతకాలం అవి వండుతాయి, చెట్టు తింటుంది. కొత్త ఆకు పుట్టదు, అంతే. కాబట్టి పచ్చదనం చూసి చెట్టు బతికిందనుకోకు. అలాగని చచ్చిందనీ అనుకోకు. నువ్వు కన్నుకు పైన కోశావా, కిందకి కోశావా అన్నది తేలాలి."

"అది ఎలగ తేల్తాదండి? సెట్టు సీల్చి సూడాలా?"

"చెట్టెందుకు? కోసిన మొవ్వుల అడుగు మొదళ్లు ఏం చేశావు?"

ఆర్చికి కాళ్లుగా కట్టానని అతను చెప్పేసరికి ఆమె కళ్లజోడు సర్దుకుంది. "అయితే సాక్ష్యం దేవుడి వాకిట్లోనే ఉందన్నమాట. పదకొండూ పట్టుకురా. ఎండిపోకముందే."

క్రీస్తు శ్రమల వారం మధ్యలో చర్చి ఆర్చి విప్పడం చిన్న విషయం కాదు. "రేపు గుడ్‌ఫ్రైడేకి మండలమంతా వస్తుంది నాయనా, బోడి వాకిలి చూపించమంటావా?" అని పాస్టరుగారు మొదట అన్నారు. సంగతి విన్నాక ఆయన మాట తగ్గింది. "తెలుపు బాగుందని మైకులో అన్నది నేను. ఎక్కడిదని అడగాలని తోచలేదు." అంటూ తానే కుర్చీ ఎక్కి కట్లు విప్పడం మొదలుపెట్టారు.

మొదళ్లను చెట్ల కోతలకు ఆనించి చూసి, ఏది ఏ చెట్టుదో గుర్తులు పెట్టి, గోనెసంచీలో వేసుకొని శాంతికుమార్ మళ్లీ సోంపేట వెళ్లాడు. కమలాదేవి వాటిని వసారాలో వరసగా పేర్చి, పదునైన కత్తితో ఒక్కొక్కదాని అడుగున పలచని చెక్క తీసింది. తీసిన చోట లోపలి వరసలు బయటపడ్డాయి. ఒక ఆకు మడతలో ఇంకొక ఆకు, దాని మడతలో మరొకటి. పెట్టెలో మడతపెట్టిన చీరల మధ్య చీరల్లా. విప్పారడానికి ఇంకా అయిదారు నెలలు పట్టే ఆకులు కూడా అప్పటికే వేలెడంతగా అమరి ఉన్నాయి. శాంతికుమార్ ఆ మొవ్వులను స్వయంగా కోశాడు, మోశాడు, చీల్చాడు. అయినా వాటి లోపల ఏముందో ఇప్పుడే చూశాడు.

"నడిమి దాకా మడతలే ఉన్నాయంటే నీ కత్తి ఆకులనే కోసింది, కన్ను కిందనే చెట్టులో ఉంది. ఇదీ అంతే. ఇదీ." తొమ్మిదింటిని ఆమె ఒక పక్కకు జరిపింది. మిగిలిన రెండింటి నడుమ మడతలు లేవు. ముల్లంగి ముక్కలా నున్నగా, తెల్లగా ఉంది. వాటిలో ఒకదాన్ని నిలువునా చీల్చి, సూది మొనతో చూపించింది. "ఇదిగో. కనిపించిందా?"

చాలాసేపటికి గాని అతనికి కనిపించలేదు. ఆవగింజంత కూడా లేదు.

"ఇదేనా అండి? ఇంతేనా?"

"ఇంతే. అరవై ఏళ్ల కాయలన్నీ ఇందులో నుంచే రావాలి."

అతను తల దించుకున్నాడు. ఆమె అతని వంక చూడకుండా కత్తి తుడుచుకుంది. మునుపటి కంటే మెల్లగా, చేయవలసిన పని చెప్పింది. తొమ్మిదీ బతికినట్టు కాదు. కోసిన గాయానికి వాన నీరు తగిలితే మొవ్వు కుళ్లుతుంది. పచ్చి వాసనకు కొమ్ము పురుగు వస్తుంది. మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద గాయానికి పూయాలి. మట్టల చంకల్లో వేపపిండి ఇసుకతో కలిపి వేయాలి. మబ్బు పట్టినప్పుడల్లా పాలిథిన్ కప్పాలి, ఎండ వచ్చినప్పుడల్లా తీయాలి. "రంగుతో ఒక గీత గియ్యి. చెట్టులో మిగిలిన మొవ్వు మీద సగం, పక్కనున్న మట్ట మీద సగం. లోపల పెరుగుదల ఉంటే మొవ్వు మీది సగం పైకి జరుగుతుంది. ఊహించుకోకు. కొలువు."

ఇంటికి చేరాక శాంతికుమార్ అత్తగారి ఎదుట నిలబడ్డాడు. "అత్తా, రెండు పోనాయి. తొమ్మిదికి ఆశ ఉన్నాదట."

దేవమణి అతని ముఖం చూడలేదు. "ఏ రెండో అడగవే" అంది పక్కనున్న కూతురితో.

"నూతి కాడ రెండూ" అన్నాడు అతను రూబీకేసి తిరిగి. అవి రెండూ తొలి గెల వేసినవే. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

గీతలకు రూబీ గోళ్లరంగు దొరికింది. "కొత్త సీసా, పెల్లిరోజుకి కొనుక్కున్నాను. సెట్లకి పూస్తన్నావు. నాకెప్పుడైనా పూసినావేటి?" అంటూనే ఇచ్చింది. తొమ్మిది చెట్ల నెత్తిన తొమ్మిది ఎర్ర గీతలు వెలిశాయి. రోజూ పొద్దున్నే శాంతికుమార్ నిచ్చెన, స్కేలు పట్టుకొని తోటకు పోవడం ఊరికి కొత్త వేడుక అయింది.

"ఏటల్లుడూ, సెట్లకి పొట్టి నిక్కర్లు కుడతన్నావేటి, కొలతలు తీస్తన్నావు?" అని గట్టు మీంచి సూరయ్య కేకేసేవాడు.

నాలుగో రోజున నాలుగు చెట్ల గీతలు విడివడ్డాయి. ఒకదానిలో రెండు వేళ్లు, ఒకదానిలో బొటనవేలంత. శాంతికుమార్ నిచ్చెన మీదే ఉండిపోయి, మళ్లీ కొలిచాడు. పదో రోజుకు తొమ్మిదీ విడివడ్డాయి. ఆ సాయంత్రం సూరయ్య తానుగా వచ్చి, నిచ్చెన ఎక్కి చూసి దిగాడు. మర్నాడు కేక వినిపించలేదు. బదులుగా వేపపిండి మూట ఒకటి తోట గుమ్మం దగ్గర కనిపించింది.

ఏప్రిల్ ఆఖర్న ఒక మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఆకాశం నల్లబడింది. కవర్లు కప్పడం నాలుగో చెట్టుకు వచ్చేసరికి గాలి మొదలైంది. నిచ్చెన ఊగింది, పడిపోతాననుకున్నంతలో ఆగింది. కిందకు చూస్తే దేవమణి నిచ్చెన కాళ్లు రెండు చేతులా పట్టుకొని, తలమీద కొంగు ఎగిరిపోతున్నా వదలకుండా నిలబడి ఉంది. ఆ తరువాత అయిదు చెట్లకూ నిచ్చెన మోసింది ఆమే. చినుకుల్లో వడగళ్లు కలిశాయి.

"అటేపు కట్టనేదు" అంది ఆమె. చెట్టుతో అన్నట్టే ఉంది గాని, అక్కడ కూతురు లేదు.

అంత చేసినా ఒకటి దక్కలేదు. పనస పక్కనున్న చెట్టు కవరు గాలికి చిరిగింది. నీళ్లు లోపలికి దిగాయి. వారం తిరగకుండా దాని గీత ఆగిపోయింది. మొవ్వు పట్టి లాగితే కుళ్లు కంపుతో చేతిలోకి వచ్చేసింది. శాంతికుమార్ దాన్ని తెచ్చి గుమ్మం ముందు పెట్టి, అలాగే కూలబడ్డాడు. దేవమణి వచ్చి చూసింది. ఒక చెంబుతో నీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టి, ఆ కుళ్లిన మొవ్వును తీసుకెళ్లి దూరంగా కాల్చేసింది.

మే నెల పోతుండగా మిగిలిన ఎనిమిది చెట్లలో కొత్త ఆకులు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. కొసలు మొనతేలి లేవు. కత్తి దెబ్బ లోపలి మడతలకూ తగిలింది కాబట్టి, ప్రతి ఆకు కొసా కత్తెరతో కత్తిరించినట్టు చదునుగా ఉంది. ఇంకో అయిదారు ఆకులు అలాగే వస్తాయని, తరువాత వచ్చేవి నిండుగా వస్తాయని కమలాదేవి ముందే చెప్పింది. తోటకు వచ్చి చూసి, ఎనిమిది చెట్ల చుట్టూ తిరిగి, "లెక్క సరిపోయింది" అని మాత్రం అంది. పాస్టరుగారు ఈ సంగతి మీద చర్చిలో వాక్యం చెబుతానని ఉత్సాహపడితే దేవమణి ఒప్పుకోలేదు. "మూడు పోనాయి అయ్యగారూ. వాటి గురించి ఏటి సెప్తారు?" అంది.

జూన్‌లో తొలకరి పడ్డాక, చచ్చిన మూడు చెట్లనూ కొట్టేశారు. కమలాదేవి తమ్ముడు రంగనాథం తోట నుంచి ఏడాది నారు మొక్కలు నాలుగు తెచ్చాడు శాంతికుమార్. దేవమణి వాటి మెడలు చేత్తో నొక్కి చూసి, సన్నగా ఉన్నదాన్ని పక్కకు తోసి, మూడింటిని ఉంచింది. పాత గోతుల్లో కుళ్లు మిగిలి ఉంటుందని కమలాదేవి చెప్పినందున రెండేసి బారలు జరిపి కొత్త గోతులు తవ్వాడు. నడుము లోతు దిగాక, అడుగున డొక్కలు పరవాలని విన్నాడు కాబట్టి పరిచాడు. గట్టు మీద సూరయ్య చుట్ట కాల్చుకుంటున్నాడు.

దేవమణి వచ్చి గోతిలోకి వంగి చూసింది.

"అదేటది? డొక్కలన్నీ బోర్లా పరిసీసినావేటి?"

శాంతికుమార్ తలెత్తాడు. చుట్టూ చూశాడు. రూబీ లేదు.

"నిన్నే. ఇసక నేల ఇది, గరివిడి అనుకున్నావేటి? బోర్లా పరిస్తే నీల్లు జారి పాతాలానికి పోతాయి. ఎల్లకిలా పరిస్తే దోసిలిలాగ పట్టుకుంతాది. మే నెల్లో మొక్క అదే తాగుతాది. ఆ మాత్రం తెలీదేటి? రెండు నెల్లు సోంపేట తిరిగినావు, ఏటి నేర్పింది ఆ మేడమ్ము?"

గట్టు మీంచి సూరయ్య చుట్ట తీశాడు. "అల్లుణ్ణి పట్టుకొని అలగంతావేటి దేవమణీ! అలిగి ఎల్లిపోగలడు."

"ఎల్తే ఎల్లనీ. ఈ మూడూ కాపుకొచ్చీసరికి ఆరేల్లు. అప్పుడెల్లమను."

శాంతికుమార్ గోతిలో వంగి, డొక్కలను ఒక్కొక్కటిగా తిరగవేశాడు. ఒక వరస పూర్తయ్యాక పైకి చూశాడు.

"ఇలగేనా అత్తా?"

"ఊఁ. దగ్గర దగ్గరగా పెట్టు. సందు ఒగ్గీకు."